కోతకు ముందు కసరత్తు: ఊపిరితిత్తుల క్యాన్సర్ శస్త్రచికిత్సకు రోగిని సన్నద్ధం చేయడం

(స్మారకోపన్యాస పాఠం)

ఊపిరితిత్తుల క్యాన్సర్ తొలి దశల్లో బయటపడినప్పుడు, గడ్డ ఉన్న భాగాన్ని దాని చుట్టుపక్కల లసిక గ్రంథులతో సహా తీసివేయడమే నేటికీ ప్రధాన చికిత్స. అయితే వ్యాధిరీత్యా ఈ చికిత్సకు అర్హులైన వారిలో కొందరు తమ శరీరస్థితి కారణంగా దానికి నోచుకోరు. దశాబ్దాల పాటు చుట్టో, బీడీయో, సిగరెట్టో కాల్చినందువల్ల శ్వాసనాళాలు ఇరుకై, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషికే తరచుగా ఈ క్యాన్సర్ కూడా వస్తుంది కనుక, గడ్డను తీయగల శస్త్రవైద్యుడు ఉన్నా తీయించుకోగల ఒళ్ళు రోగికి ఉండదు. ‘ఈ ఆయాసంతో ఆపరేషన్ తట్టుకోలేరు’ అన్న తీర్పు అప్పుడు వెలువడుతుంది. ఆ తీర్పు ఏ కొలతల మీద ఆధారపడి ఉంది, ఆ కొలతలు మారేవా మారనివా, మారేవైతే శస్త్రచికిత్సకు ముందున్న కొద్ది వారాలు అందుకు సరిపోతాయా అన్న మూడు ప్రశ్నలే ఈ స్మారకోపన్యాసానికి విషయం.

వ్యాయామం ప్రధానాంగంగా సాగే శ్వాస పునరావాసం అంటే, రోగి శక్తిని ముందుగా కొలిచి, దానికి తగిన మోతాదులో నడక, సైకిలు తొక్కడం, కాళ్ళూ చేతుల కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు, ఊపిరి పీల్చే కండరాలకు శిక్షణ, తెమడను బయటికి తెచ్చే పద్ధతులు, పొగ మాన్పించడం, పోషణను సరిదిద్దడం వంటివన్నీ వైద్యుడు, ఫిజియోథెరపిస్టు కలిసి ఒక క్రమంలో నడిపించే చికిత్స. మందుకు ఎలా మోతాదు ఉంటుందో దీనికీ అలాగే మోతాదు ఉంటుంది. ‘రోజూ కాస్త నడవండి’ అన్న సలహాకూ దీనికీ తేడా అక్కడే ఉంది. మారగల భాగానికి ఈ చికిత్స చేసి చూడకుండా శస్త్రచికిత్సను నిరాకరించడం అసంపూర్ణమైన వైద్యమన్నదే ఈ ఉపన్యాసం నిలబెట్టదలచిన వాదం.

విశ్రాంతి నుంచి శ్రమ దాకా

1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఎవార్ట్స్ గ్రాహమ్ అనే శస్త్రవైద్యుడు క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని ఒకే శస్త్రచికిత్సలో పూర్తిగా తొలగించి విజయం సాధించాడు. రోగి తానే ఒక వైద్యుడు. ఒక్క ఊపిరితిత్తితో ఆయన సుమారు 30 ఏళ్ళు జీవించాడు. ఆ శస్త్రచికిత్స చేసిన గ్రాహమ్ 1950లో ఎర్నెస్ట్ వైండర్‌తో కలిసి పొగతాగడానికీ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని చూపే పరిశోధనను ప్రకటించి, 1957లో అదే వ్యాధితో మరణించాడు. మొత్తం ఊపిరితిత్తిని తీసే స్థితి నుంచి ఒక తమ్మెను, అంటే లోబ్‌ను, మాత్రమే తీసే పద్ధతికీ, చిన్న గడ్డల విషయంలో తమ్మెలోని ఒక ఖండాన్ని మాత్రమే తీసే పద్ధతికీ శస్త్రవైద్యం క్రమంగా చేరుకుంది. ఎంత తక్కువ తీస్తే రోగికి అంత ఊపిరి మిగులుతుందన్న ఆలోచన దీని వెనుక ఉంది. రోగి తెచ్చుకునే శక్తిని పెంచవచ్చునన్న ఆలోచన మాత్రం దీనంత వేగంగా ముందుకు రాలేదు.

ఆ ఆలోచనకు మూలాలు పాతవే. ఇంగ్లండులోని ఫ్రిమ్లీ శానిటోరియంలో 1905 నుంచి మార్కస్ పేటర్సన్ క్షయరోగులకు నడకతో మొదలుపెట్టి, మట్టిబుట్టలు మోయడం, పార పట్టడం దాకా మెట్టుమెట్టుగా శ్రమను పెంచే పద్ధతిని ప్రవేశపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఛాతీ గాయాలైన సైనికులకు శ్వాస వ్యాయామాలతో చికిత్స చేసిన అనుభవాన్ని కార్ట్లాండ్ మెక్‌మాన్ 1915లో ప్రకటించాడు; 1930లలో లండన్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో వినిఫ్రెడ్ లింటన్ ఛాతీ శస్త్రచికిత్స రోగులకు ఇటువంటి వ్యాయామాలు నేర్పింది. తెలుగునాట మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన శానిటోరియం కూడా ఊపిరితిత్తుల వైద్యానికి క్షయయే దారి చూపిన ఆ కాలానికి చెందినదే. అయినా ఇరవయ్యవ శతాబ్దం సగం గడిచేదాకా, శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే సి.ఓ.పి.డి. రోగికి వైద్యలోకం ఇచ్చిన ప్రధాన సలహా విశ్రాంతి. ఆయాసం వస్తోంది కనుక కదలవద్దనడం, కదలనందువల్ల కండరాలు సన్నగిల్లడం, సన్నగిల్లిన కండరాల వల్ల ఇంకా తక్కువ శ్రమకే ఆయాసం రావడం అనే విషవలయం ఈ సలహా ఫలితమే. న్యూయార్క్‌లో ఆల్వన్ బరాక్, ఆ తర్వాత 1960లలో డెన్వర్‌లో థామస్ పెటీ ప్రాణవాయువు తోడుగా ఈ రోగులను నడిపించి, ఆ సలహాను తిరగరాశారు.

దమ్మును కొలిచే పద్ధతులు

శస్త్రచికిత్సకు ముందు చేసే లెక్క ఊపిరి ఊదే పరీక్షతో మొదలవుతుంది. గుండెల నిండా గాలి పీల్చి బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి పరిమాణాన్ని ఎఫ్.ఇ.వి.1 అంటారు. దానితోపాటు వాయుగోణుల నుంచి, అంటే ఊపిరితిత్తి లోపలి అతి చిన్న గాలి తిత్తుల నుంచి, రక్తంలోకి వాయువు ఏ మేరకు చేరుతోందో చూపే వినిమయ పరీక్ష కూడా చేస్తారు. రెండు ఊపిరితిత్తులలో కలిపి 19 ఖండాలున్నాయని లెక్కవేసి, వాటిలో ఎన్నిటిని తీస్తారో దానినిబట్టి శస్త్రచికిత్స తర్వాత మిగిలేదెంతో అంచనా కడతారు. ఉదాహరణకు వయసు, ఎత్తులనుబట్టి 2.5 లీటర్లు ఊదవలసిన రోగి 1.6 లీటర్లు, అంటే 64 శాతం, మాత్రమే ఊదగలిగాడనుకుంటే, మూడు ఖండాలున్న కుడి పై తమ్మెను తీసిన తర్వాత అతనికి మిగిలేది పంతొమ్మిదింట పదహారు వంతులు, అంటే సుమారు 1.35 లీటర్లు లేదా 54 శాతం. అమెరికన్ ఛాతీ వైద్యుల సంఘం 2013లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ఈ రెండు పరీక్షల అంచనాలూ 60 శాతం దాటితే ప్రమాదం తక్కువ. 30, 60 శాతాల మధ్య ఉంటే రోగిని మెట్లెక్కించో నడిపించో చూడాలి. 30 శాతానికి తగ్గితే నేరుగా పూర్తిస్థాయి వ్యాయామ పరీక్షకు పంపాలి.

ఆ పూర్తిస్థాయి పరీక్షలో రోగి ముఖానికి మాస్కు తగిలించుకొని, క్రమంగా బరువెక్కే సైకిలు తొక్కుతుండగా, శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువును వాడుకోగలదో కొలుస్తారు. కిలో బరువుకు నిమిషానికి 20 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదం తక్కువ, 10 కంటే తగ్గితే చాలా ఎక్కువ, మధ్యలో ఉంటే మధ్యస్థం. ఈ అంకెలకు శరీరధర్మ శాస్త్రంలో ఆధారం ఉంది. కదలకుండా కూర్చున్న మనిషికే కిలోకు సుమారు 3.5 మిల్లీలీటర్లు కావాలి; పెద్ద శస్త్రచికిత్స తర్వాత నొప్పి, వాపు, గాయం మానే ప్రక్రియ కలిసి ఆ అవసరాన్ని సుమారు ఒకటిన్నర రెట్లు చేస్తాయి. గరిష్ఠ సామర్థ్యమే 9 ఉన్న రోగికి అప్పుడు సగానికి పైగా మంచం మీదనే ఖర్చయిపోతుంది. జ్వరమో న్యుమోనియాయో తోడైతే ఇక నిల్వ ఉండదు.

ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటుంది. ఊదే పరీక్ష ఊపిరితిత్తి ఒక్కదానినే కొలిస్తే, వ్యాయామ పరీక్ష ఊపిరితిత్తినీ గుండెనూ రక్తాన్నీ కాళ్ళ కండరాలనూ కలిపి కొలుస్తుంది. మొదటిదాన్ని కొద్ది వారాల్లో పెద్దగా మార్చడం కష్టం. రెండవదానిలో మారేందుకు వీలున్న భాగం చాలా ఉంది.

ఊపిరితిత్తి మారకుండానే ఆయాసం తగ్గడం

వాడుక లేక బలహీనపడిన కాలి కండరంలో ప్రాణవాయువుతో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా, వాటిలోని ఎంజైములు తగ్గిపోతాయి. అటువంటి కండరం కొద్దిపాటి నడకకే ప్రాణవాయువు అక్కరలేని అడ్డదారి పట్టి లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లాన్ని రక్తంలోని బైకార్బొనేట్ విరిచినప్పుడు అదనంగా బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. దాన్ని బయటికి పంపడానికి ఊపిరి వేగం పెరగాలి. శ్వాసనాళాలు ఇరుకైన రోగికి గాలిని వదలడానికే ఎక్కువ సమయం పడుతుంది కనుక, వేగం పెరిగిన కొద్దీ లోపలి గాలి పూర్తిగా ఖాళీ కాకముందే మరో ఊపిరి పీల్చుకోవలసి వస్తుంది. లోపల చిక్కుకున్న గాలి ఒక్కో శ్వాసతో పోగుపడి, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానమనే కండరం చదునైపోయి, ఇక పీల్చలేని స్థితి వస్తుంది. రోగి ‘ఊపిరాడటం లేదు’ అని ఆగిపోయేది అక్కడే.

వ్యాయామం ఈ గొలుసును మొదటి కొక్కెం దగ్గర తెంచుతుంది. రిచర్డ్ కాసబూరి బృందం 1991లో ప్రకటించిన పరిశోధన, సి.ఓ.పి.డి. రోగులు తగినంత తీవ్రతతో శిక్షణ పొందితే అదే పనికి తక్కువ లాక్టిక్ ఆమ్లం పుడుతుందనీ, దానితోపాటు అవసరమయ్యే శ్వాస కూడా తగ్గుతుందనీ చూపింది. ఆదాయం పెరగకపోయినా దుబారా తగ్గితే సంసారం గట్టెక్కినట్టు, ఊపిరితిత్తి ఇచ్చేది అంతే ఉన్నా కండరం అడిగేది తగ్గడం వల్ల రోగి మరింత దూరం నడవగలుగుతాడు.

శస్త్రచికిత్స తర్వాత ఈ మార్పు ఎలా అక్కరకు వస్తుందో తెలియాలంటే ఆ రోజుల్లో ఛాతీలో జరిగేది చూడాలి. ఆపరేషన్ సాగినంతసేపు రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒక ఊపిరితిత్తికే గాలి అందిస్తూ రెండవదాన్ని ముడుచుకుపోనిస్తారు. తర్వాత పక్కటెముకల మధ్య కోత నొప్పివల్ల రోగి పైపైనే ఊపిరి తీసుకుంటాడు, దగ్గడానికి జంకుతాడు. దగ్గని తెమడ సన్నని నాళంలో అడ్డుపడితే దాని అవతలి వాయుగోణులు ముడుచుకుపోతాయి. ముడుచుకున్న చోట న్యుమోనియా మొదలవుతుంది. పక్కటెముకల మధ్య అమర్చిన గొట్టం మంచం పక్కనున్న నీటి సీసాలోకి దిగి ఉంటుంది. నర్సు రోగిని దగ్గమని ఆ నీటిలో బుడగలు వస్తున్నాయేమో చూస్తుంది. బుడగలు వస్తున్నంత కాలం ఊపిరితిత్తి నుంచి గాలి కారుతున్నట్టే, గొట్టం తీయడానికి లేదు. ముందుగానే దిండును కోత మీద అదిమి పట్టుకొని దగ్గడం నేర్చిన రోగి, మరునాడే మంచం దిగి సీసాను చేత్తో పట్టుకొని వరండాలో నడవగల రోగి ఈ ప్రమాదాలను ఎక్కువ శక్తితో ఎదుర్కొంటాడు.

పరిశోధనలు చెప్పేది, చెప్పనిది

వైద్య ప్రయోగాలను గుదిగుచ్చి తూకం వేసే కాక్రేన్ సమీక్ష 2022లో ఈ విషయంపై 10 యాదృచ్ఛిక ప్రయోగాలను, 636 మంది రోగులను పరిశీలించింది. యాదృచ్ఛిక ప్రయోగమంటే ఎవరికి శిక్షణ ఇవ్వాలో చీటీ వేసినట్టు నిర్ణయించి, రెండు వర్గాల ఫలితాలను పోల్చడం. శస్త్రచికిత్సకు ముందు వ్యాయామం చేసినవారిలో శ్వాస సంబంధమైన చిక్కులు సగానికి పైగా తగ్గాయనీ, ఆసుపత్రిలో ఉండే కాలం సగటున రెండు రోజులకు పైగా తగ్గిందనీ ఆ సమీక్ష తేల్చింది.

ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూస్తే దీని బలమూ పరిమితీ రెండూ తెలుస్తాయి. స్విట్జర్లాండ్‌లో మార్క్ లికర్ బృందం 2017లో ప్రకటించిన ప్రయోగంలో 151 మంది రోగుల ఫలితాలను విశ్లేషించారు. శిక్షణ పొందినవారు ఐదు నిమిషాలు తేలికగా సైకిలు తొక్కాక, 15 సెకన్లు దాదాపు పూర్తి శక్తితో తొక్కి 15 సెకన్లు ఆగడం అనే క్రమాన్ని 10 నిమిషాల చొప్పున రెండు విడతలు, మధ్యలో నాలుగు నిమిషాల విరామంతో, వారానికి మూడుసార్లు చేశారు. సుమారు మూడున్నర వారాల్లో వారి గరిష్ఠ ప్రాణవాయు వినియోగం మధ్యస్థంగా 15 శాతం పెరిగింది; శిక్షణ లేని వర్గంలో అదే కాలంలో 8 శాతం తగ్గింది. ఆపరేషన్ కోసం ఊరికే ఎదురుచూడటం కూడా రోగిని బలహీనపరుస్తుందని చెప్పే ఈ రెండవ అంకె మొదటిదానికంటే తక్కువ ముఖ్యమైనదేమీ కాదు. శ్వాస సంబంధమైన చిక్కులు శిక్షణ పొందిన వర్గంలో 23 శాతం మందికి, పొందని వర్గంలో 44 శాతం మందికి వచ్చాయి. అయితే మరణాలనూ అన్ని రకాల చిక్కులనూ కలిపి చూసిన ప్రధాన ఫలితంలో మాత్రం తేడా గణాంకశాస్త్రరీత్యా నిలబడలేదు.

కనుక వ్యాయామం ఊపిరితిత్తుల చిక్కులను తగ్గిస్తుందని ధైర్యంగా చెప్పవచ్చు. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపుతుందనో ఆయుష్షు పెంచుతుందనో చెప్పడానికి ఈ ప్రయోగాల్లో ఆధారం లేదు. ప్రయోగాలు చిన్నవి, తాను వ్యాయామం చేస్తున్నాడో లేదో రోగికి తెలియకుండా దాచడం సాధ్యం కాదు, కార్యక్రమాల నిడివి, తీవ్రత ఒకదానితో ఒకటి పొసగవు. ఛాతీ శస్త్రచికిత్సపై ఐరోపా నిపుణుల సంఘాలు 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ శిక్షణను ముఖ్యంగా శ్వాస సామర్థ్యం సరిహద్దు మీద ఉన్న రోగులకు సూచించడంలో ఈ వివేకమే కనిపిస్తుంది. గరిష్ఠ ప్రాణవాయు వినియోగం 9.2 ఉన్న రోగికి 15 శాతం పెరిగితే అది 10.6కు చేరి, 10 అన్న ప్రమాదపు గీత దాటుతుంది. 24 ఉన్న రోగికి ఆ పెరుగుదల వల్ల తీర్పు మారదు.

కాలం మాట

ఈ చికిత్సకు అన్నిటికంటే బలమైన అభ్యంతరం కాలం. క్యాన్సర్‌ను ఒంట్లో ఉంచుకొని సైకిలు తొక్కడమేమిటని రోగీ అడుగుతాడు, శస్త్రవైద్యుడూ అడుగుతాడు. అమెరికాలో రాబర్టో బెంజో బృందం నాలుగు వారాల శిక్షణతో ప్రయోగం మొదలుపెట్టినప్పుడు, శస్త్రచికిత్స ఆలస్యమవుతుందన్న భయంతో రోగులు, వైద్యులు ముందుకు రానందువల్ల దాన్ని కొనసాగించలేకపోయింది. తర్వాత పది విడతల చిన్న కార్యక్రమంగా మార్చి, గొట్టం ఉంచవలసిన రోజులు తగ్గాయని చూపింది. చైనాలోని చెంగ్డూలో ఒకే వారం ముమ్మరంగా సాగే శిక్షణను పరీక్షించారు.

అభ్యంతరం న్యాయమైనదే కనుక దానికి సమాధానం కాలక్రమంలోనే వెతకాలి. గడ్డ కనిపించిన రోజు నుంచి ఆపరేషన్ దాకా బయాప్సీ, పెట్ స్కాన్, గుండె పరీక్షలు, మత్తువైద్యుని అంచనా వంటివాటికి ఎలాగూ వారాలు పడతాయి. శిక్షణను వీటన్నిటి తర్వాత మొదలుపెడితే అది ఆలస్యం. మొదటి సంప్రదింపు నాడే మొదలుపెడితే కొత్తగా పట్టే కాలం ఏమీ ఉండదు. పొగ మానడానికి కనీసం నాలుగు వారాల ముందు పూనుకోవాలన్న సూచన కూడా దీనితో కలిసి వస్తుంది. ఇటీవల మరో అవకాశం ఏర్పడింది. 2022లో వెలువడిన చెక్‌మేట్ 816 ప్రయోగం తర్వాత, కొన్ని దశల్లో ముందుగా ఇమ్యునోథెరపీ, కీమోథెరపీ కలిపి మూడు వారాలకొకటి చొప్పున మూడు విడతలు ఇచ్చి, అటుపైన శస్త్రచికిత్స చేయడం వాడుకలోకి వచ్చింది. ఆ వారాల్లో కీమోథెరపీ రోగిని నీరసపరుస్తుంది కనుక, శిక్షణకు సమయం దొరికేదీ అప్పుడే, అవసరం పెరిగేదీ అప్పుడే.

తెలుగునాట ఆచరణ

2022 అంతర్జాతీయ అంచనాల ప్రకారం భారతదేశంలో ఏటా కొత్తగా ఊపిరితిత్తుల క్యాన్సర్ బారిన పడేవారు 80 వేలకు పైనే. వారిలో అత్యధికులు శస్త్రచికిత్స దశ దాటాకే వస్తారు. ఎక్స్‌రేలో కనిపించిన మచ్చను క్షయగా భావించి నెలల తరబడి క్షయ మందులు వాడించడం అందుకు ఒక కారణం. అందువల్ల ఇక్కడ ఆపరేషన్‌కు అందే ప్రతి రోగీ ఎంతో అరుదుగా దక్కిన అవకాశంతో వచ్చినవాడే; ఆయాసం పేరుతో ఆ అవకాశాన్ని వదులుకోవడం మరింత నష్టం.

పెద్ద యంత్రాలు లేకపోవడం ఇందుకు అడ్డు కానక్కరలేదు. ఆరు నిమిషాల నడక పరీక్షకు కావలసినవి 30 మీటర్ల చదునైన వరండా, రెండు చివర్లా రెండు గుర్తులు, ఒక గడియారం, వేలికి తగిలించే ఆక్సిమీటరు, ఆయాసాన్ని సున్నా నుంచి పది దాకా రోగి చేతే చెప్పించే బోర్గ్ కొలమానం. సుమారు 30 మీటర్ల తేడా వస్తే అది రోగికి తెలిసేంత మార్పని శ్వాసవైద్య సంఘాలు లెక్కగట్టాయి. చేతులు లేని కుర్చీలోంచి ఒక నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలడో లెక్కించడం ఇంకా సులువు. జిల్లాల నుంచి నగరానికి వచ్చి ఆసుపత్రి పక్క లాడ్జిలో దిగే రోగికి మొదటి రెండు మూడు విడతలు ఫిజియోథెరపిస్టు కళ్ళెదుట చేయించి, మిగిలినవి ఇంటి దగ్గర చేయిస్తూ ఫోనులో ఆరా తీయవచ్చు. ఆయాసం పదికి నాలుగు, ఆరు మధ్య ఉండేలా నడవాలనీ, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా, ఆక్సిమీటరు 88 కంటే తగ్గినా ఆగిపోవాలనీ, తెమడలో నెత్తురు పడితే వైద్యుడు చూసేదాకా మొదలుపెట్టకూడదనీ కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. గుండెనొప్పి అదుపులో లేనివారికీ, ఎముకలకు వ్యాధి పాకి విరిగే ప్రమాదం ఉన్నవారికీ ఈ శిక్షణ తగదు.

వాడుకలోని ఒక పొరపాటును ఇక్కడే సరిదిద్దాలి. చాలా ఆసుపత్రుల్లో శ్వాస వ్యాయామమంటే మూడు బంతుల పరికరాన్ని చేతికివ్వడంతో సరి. పీల్చి బంతులను పైకి లేపవలసిన ఆ పరికరాన్ని ఎందరో రోగులు ఊదుతారు. సరిగా వాడినా అది కాళ్ళ కండరాలను బాగుచేయలేదు. పోషణ విషయంలోనూ ఇటువంటి పొరపాటే జరుగుతుంది. క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి అది 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే కనుక, పప్పు, పెరుగు, చేప, గుడ్డు లెక్కచూసి తినిపించాలి. పథ్యం పేరుతో చారన్నం మీద ఉంచితే వ్యాయామానికి కండరం స్పందించదు.

ప్రభుత్వ ఆరోగ్య పథకాలు శస్త్రచికిత్సకు చెల్లించే మొత్తంతోపాటు దానికి ముందు జరిగే ఈ సన్నాహాన్ని కూడా చికిత్సగా గుర్తించడం అవసరం. ఆసుపత్రిలో తగ్గే రోజుల ఖర్చు ఆ చెల్లింపులో ఎంత భాగాన్ని పూడ్చగలదో ఇక్కడి ఆసుపత్రులే లెక్కించి చూపాలి.

శిక్షణ తర్వాత కూడా కొందరి కొలతలు గీత దాటవు. వారికి గడ్డ మీదనే గురిపెట్టి ఎక్కువ మోతాదులో ఇచ్చే స్టీరియోటాక్టిక్ రేడియేషన్ వంటి మార్గాలున్నాయి. వాటికి పంపడం ఓటమి కాదు. కాని అలా పంపే కాగితం మీద ఒక్క కొలతే ఉంటే, రోగి వైద్యుని గడప తొక్కిన నాటి స్థితికి మాత్రమే అది సాక్ష్యం. రెండు తేదీలు, రెండు కొలతలు, వాటి మధ్య జరిగిన శిక్షణ వివరాలు ఉన్నప్పుడే ‘ఆపరేషన్ తట్టుకోలేరు’ అన్న వాక్యానికి వైద్యపరమైన విలువ ఉంటుంది. ఏ శస్త్రచికిత్స విభాగమైనా ఈ నియమాన్ని రేపటి నుంచే పాటించవచ్చు. అందుకు కావలసినది 30 మీటర్ల వరండా, ఒక ఫిజియోథెరపిస్టు, మొదటి రోజే అతనిని పిలవాలన్న నిర్ణయం.